కీకి మాట చెప్పి పంపలేం, పేరులో పెట్టి పంపొచ్చు

మొన్న శనివారం సాయంత్రం విశాఖ తెన్నేటి పార్క్‌లో గట్టు మీద కూర్చున్నప్పుడు, మా ఆఫీసులో కొత్తగా చేరిన తమ్ముడు ఒక ప్రశ్న అడిగాడు. "అన్నా, జెడ్‌షెల్‌లో నేను రాసుకున్న విడ్జెట్‌కి ఆర్గ్యుమెంట్ ఎలా ఇవ్వాలి? బైండ్‌కీ లైన్‌లో పేరు పక్కన రాస్తే తీసుకోవట్లేదు." జెడ్‌షెల్ (zsh) అంటే కంప్యూటర్‌కి కమాండ్లు టైప్ చేసి ఇచ్చే ప్రోగ్రామ్, అలాంటివాటిని షెల్ అంటారు. విడ్జెట్ అంటే కీ నొక్కితే నడిచే ఎడిటింగ్ కమాండ్, దాన్ని కీకి తగిలించేది బైండ్‌కీ, ఆర్గ్యుమెంట్ అంటే నడిచేటప్పుడు దానికి అందించే మాట. అక్కడికక్కడే చెప్పాను గానీ, గాలికీ అలల హోరుకీ సగం మాటలు వాడికి చేరలేదు. పైగా ఇది నోటితో చెబితే తేలిపోయే సంగతి కాదు. ఇదే విషయం మీద నేనూ ఒకప్పుడు రెండు మూడు రాత్రులు పోగొట్టుకున్నాను, అందుకే కూర్చుని రాస్తున్నాను. కోడ్‌ని కూడా మాటల్లోనే చెబుతాను, షెల్ వాడేవాళ్ళకి అర్థమైపోతుంది.

ముందు అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. జెడ్‌షెల్‌లో మనం టైప్ చేసే ఆ ఒక్క లైన్‌ని చూసుకునేది జెడ్‌ఎల్‌ఈ అనే లైన్ ఎడిటర్. మనం నొక్కే ప్రతి కీ వెనకా ఒక విడ్జెట్ ఉంటుంది. మామూలు అక్షరం నొక్కినా సరే, ఆ అక్షరాన్ని లైన్‌లో పెట్టే పని ఒక విడ్జెట్‌దే. కంట్రోల్ ఏ నొక్కితే కర్సర్ లైన్ మొదటికి పోతుంది కదా, అది ఇంకో విడ్జెట్. మనం సొంతంగా ఒక ఫంక్షన్ రాసుకుని, జెడ్‌ఎల్‌ఈ కమాండ్‌కి మైనస్ పెద్ద ఎన్ ఇచ్చి, దాన్ని కూడా విడ్జెట్‌గా నమోదు చేసుకోవచ్చు. తర్వాత బైండ్‌కీతో ఒక కీకి తగిలిస్తే, ఆ కీ నొక్కినప్పుడల్లా మన ఫంక్షన్ నడుస్తుంది. లైన్‌లో ఉన్న మొత్తం రాత బఫర్ అనే వేరియబుల్‌లో ఉంటుంది, కర్సర్‌కి ఎడమవైపుది ఎల్‌బఫర్‌లో, కుడివైపుది ఆర్‌బఫర్‌లో. వాటిని మార్చితే లైన్ మారుతుంది. ఇంత సుళువుగా సొంత ఎడిటింగ్ కమాండ్లు రాసుకోనిచ్చే షెల్ కాబట్టే నాకు ఇదంటే అంత ఇష్టం.

తమ్ముడు రాసింది ఒక మంచి ఫంక్షన్. టైప్ చేసిన లైన్ ముందు ఏదో ఒక మాట చేరుస్తుంది, అప్పటికే ఉంటే తీసేస్తుంది. ఒక కీకి సుడో (కమాండ్‌ని అడ్మిన్ హక్కులతో నడిపేది), ఇంకో కీకి టైమ్ (ఎంతసేపు పట్టిందో చెప్పేది), ఇంకో కీకి నైస్ (మిగతా పనులకి అడ్డురాకుండా నడిపేది) చేర్చాలని వాడి కోరిక. సహజంగానే బైండ్‌కీ లైన్‌లో కొటేషన్లు పెట్టి విడ్జెట్ పేరు, స్పేస్, సుడో అని రాశాడు. రాసేటప్పుడు షెల్ ఏమీ అనలేదు. కీ నొక్కాక మాత్రం, అలాంటి విడ్జెట్ లేదు అని కింద మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్‌ని సరిగ్గా చదివితే సంగతి అక్కడే ఉంది. కొటేషన్లలో ఉన్నదంతా, స్పేస్‌తో సహా, ఒకే విడ్జెట్ పేరు అనుకుంది షెల్. కీకి తగిలించగలిగేది ఒక పేరు మాత్రమే, ఆ పేరుతో పాటు ఇంకేమీ రాదు. కీ వల్ల నడిచిన ఫంక్షన్ లోపల ఆర్గ్యుమెంట్లు ఎన్ని అని చూస్తే సున్నా.

మా ఇంటి కాలింగ్ బెల్ లాంటిదే ఇది. బయట ఎవరో నొక్కారు, లోపల మోగింది. పాలవాడో, కొరియర్ అబ్బాయో, పక్కింటి పిన్నిగారో బెల్ చెప్పదు. తలుపు దగ్గరికి వెళ్ళి చూసుకోవాల్సిందే.

ఇక్కడే చాలామంది ఒక పని చేస్తారు, నేనూ చేశాను. ఒకే ఫంక్షన్‌ని మూడు కాపీలు చేసి, మూడింట్లో ఒక్కో మాట మార్చేసుకోవడం. మూడే కదా అనిపిస్తుంది. ఆ మూడు కాపీల వల్ల నాకు ఏం జరిగిందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందులో షెల్ గురించి తెలుసుకోవాల్సింది ఒకటుంది.

అప్పుడు నేను పనిచేసే చోట రాత్రి షిఫ్ట్. పోర్టు వైపు నుంచి ఓడల హారన్లు తప్ప ఇంకో చప్పుడు లేదు. లాగ్స్ అనే ఫోల్డర్‌ని ఓల్డ్ అనే ఫోల్డర్ లోకి కాపీ చేయాలి. సీపీ, స్పేస్, మైనస్ ఆర్, స్పేస్, లాగ్స్ అని ఇంగ్లీషులో కొట్టాను. స్పేసులతో కలిపి పది అక్షరాలు. ఓల్డ్ అని కొట్టబోయే ముందు గుర్తొచ్చింది, సర్వర్ మీద లోడ్ ఎక్కువగా ఉంది, దీన్ని నైస్‌తో నడిపితే మంచిదని. నైస్ చేర్చే కీ నొక్కాను. లైన్ ముందు నైస్, స్పేస్ చేరాయి, మొత్తం ఐదు అక్షరాలు. నా చూపు పక్క విండోలో ఉంది, అలాగే స్పేస్ కొట్టి ఓల్డ్ అని రాసి ఎంటర్ కొట్టేశాను. ఎర్రర్ ఏమీ రాలేదు, కాపీ నడుస్తూనే ఉంది, ఎంతసేపటికీ అవ్వట్లేదు. అప్పుడు చూశాను, కమాండ్ తిరగబడిపోయింది. నైస్, సీపీ, మైనస్ ఆర్, ఓల్డ్, లాగ్స్. అంటే పాత బ్యాకప్ మొత్తాన్ని తీసుకొచ్చి లాగ్స్ లోపల పెడుతోంది. డిస్క్ నిండుతోంది. గుండె ఝల్లుమంది. ఆపి, లోపల చేరినదాన్ని ఒక్కొక్కటీ చూసుకుని తీసేసరికి తెల్లారింది.

ఎలా జరిగిందో వేళ్ళ మీద లెక్కపెట్టండి. ఆ ఫంక్షన్ బఫర్ మొత్తాన్ని ఒకేసారి మార్చింది. బఫర్‌ని అలా మార్చినప్పుడు కర్సర్ అంకె మారదు. పదో అక్షరం తర్వాత ఉన్న కర్సర్ పదో అక్షరం తర్వాతే ఉంటుంది, కింద రాత మాత్రం ఐదు అక్షరాలు కుడికి జరిగిపోయింది. కొత్త లైన్‌లో నైస్, స్పేస్ కలిపి ఐదు, సీపీతో ఏడు, స్పేస్‌తో ఎనిమిది, మైనస్ ఆర్‌తో పది. అంటే కర్సర్ సరిగ్గా మైనస్ ఆర్ పక్కన, లాగ్స్‌కి ముందు ఆగింది. ఇంగ్లీషులో లాగ్స్ నాలుగు అక్షరాలు, దాని ముందు స్పేస్‌తో ఐదు. నైస్ కూడా స్పేస్‌తో ఐదు. రెండు ఐదులూ కలిసిరావడంతో, తప్పు చోట పడిన మాట కూడా తప్పులా కనబడకుండా, చక్కటి కమాండ్ అయి కూర్చుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఎర్రర్ వచ్చి బతికిపోయేవాణ్ణి.

దీనికి మందు నాకు అప్పటికే తెలుసు, అదే నా బాధ. బఫర్‌ని కాకుండా ఎల్‌బఫర్‌ని మార్చాలి. ఎల్‌బఫర్ అంటేనే కర్సర్‌కి ఎడమవైపుది, దాని ముందు ఐదు అక్షరాలు చేర్చితే కర్సర్ తనంతట తానే ఐదు జరుగుతుంది. లెక్క మనం చూసుకోనక్కర్లేదు. సుడో కాపీలో, టైమ్ కాపీలో అంతకు నెల ముందే ఈ మార్పు చేశాను. నైస్ కాపీలో చేయడం మర్చిపోయాను. అదే ఒక్క ఫంక్షన్ ఉండి ఉంటే ఒక్క చోట దిద్దితే సరిపోయేది.

(ఆ మాటను తీసేసేటప్పుడు మాత్రం ఎల్‌బఫర్ ఒక్కటే చాలదు. కర్సర్ సుడో అనే మాట మధ్యలో ఉంటే, ఎడమవైపు ఎస్, యూ మాత్రమే ఉంటాయి, అప్పుడు పోలిక కుదరదు. కాబట్టి చూడటం బఫర్ మొత్తంలో చూడాలి, కర్సర్ అంకెని చేత్తో తగ్గించాలి, సున్నా కంటే కిందికి పోకుండా చూసుకోవాలి.)

సరే, అసలు ప్రశ్నకి వస్తాను. ఒక్క ఫంక్షనే ఉండాలి, మూడు కీలకి మూడు రకాలుగా నడవాలి. కీతో పాటు పేరు తప్ప ఇంకేమీ రాదని అనుకున్నాం కదా, ఆ పేరునే వాడుకోవాలి. జెడ్‌ఎల్‌ఈ మైనస్ పెద్ద ఎన్‌కి రెండు మాటలు ఇవ్వొచ్చు, మొదటిది విడ్జెట్ పేరు, రెండోది ఫంక్షన్ పేరు. రెండూ ఒకటే కానక్కర్లేదు. ఒకే ఫంక్షన్‌కి ఎన్ని విడ్జెట్ పేర్లైనా పెట్టుకోవచ్చు. ముందు-సుడో, ముందు-టైమ్, ముందు-నైస్ అని మూడు పేర్లు నమోదు చేసి, మూడింటికీ ఒకే ఫంక్షన్ చూపించాలి. ఫంక్షన్ లోపల విడ్జెట్ అనే వేరియబుల్ ఉంటుంది, అన్నీ పెద్దక్షరాల్లో. తనని ఏ పేరుతో పిలిచారో అందులో ఉంటుంది. ఆ పేరులో మొదటి హైఫన్ దాకా ఉన్నదాన్ని కోసేస్తే మిగిలేది సుడో, టైమ్, నైస్. అదే మన ఆర్గ్యుమెంట్.

మన ఇళ్ళల్లో వరుసలు చూడండి. అనకాపల్లిలో మా చిన్నాన్న ఉన్నాడు, పెళ్ళిపందిట్లో ఆయన ఒక్కడే. "బాబాయ్" అని పిలిస్తే డబ్బుల విషయమని జేబు తడుముకుంటాడు. "బావా" అంటే సరసానికి సిద్ధమవుతాడు. "మావయ్యా" అంటే పీటల దగ్గరికి వెళ్ళాలని తెలుసు. మనిషి మారలేదు, ఎలా పిలిచారో దాన్ని బట్టి ఏం చేయాలో తెలిసిపోతోంది. విడ్జెట్ వేరియబుల్ చేసేది అదే. తమ్ముడికి గట్టు మీద వివరించినప్పుడు ఈ ముక్క దగ్గరే వాడి ముఖం వెలిగింది.

ఇది ఎవరో కనిపెట్టిన దొడ్డిదారి కాదు, షెల్‌తో పాటు వచ్చే ఫంక్షన్లే ఇలా రాసి ఉన్నాయి. హిస్టరీ-సెర్చ్-ఎండ్ అని ఒకటుంది, సగం కొట్టిన లైన్‌తో మొదలయ్యే పాత కమాండ్‌ని వెతికి కర్సర్‌ని చివర పెడుతుంది. అది ఒక్కటే ఫంక్షన్, వెనక్కి వెతకడానికి ఒక పేరు, ముందుకి వెతకడానికి ఇంకో పేరు. ఎటు వెళ్ళాలో పేరు చూసి తెలుసుకుంటుంది. మాటలని చెరిపే విడ్జెట్లది ఇంకొంచెం వేరే పద్ధతి. మాట అంటే ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్నది జెడ్‌స్టైల్ అనే సెట్టింగుల కమాండ్‌లో విడ్జెట్ పేరు మీద రాసి పెడతారు. ఒకే ఫంక్షన్‌కి రెండో పేరు పెట్టి, ఆ పేరుకి మాత్రం స్పేస్ దాకా చెరుపు అని చెప్పి, కంట్రోల్ డబ్ల్యూకి తగిలించుకోవచ్చు. నేను చాలా ఏళ్ళుగా అలాగే వాడుతున్నాను. ఇదంతా రాస్తుంటే ఇంకోటి గుర్తొచ్చింది. 1990లో ప్రిన్స్‌టన్‌లో చదువుకుంటూ పాల్ ఫాల్‌స్టాడ్ ఈ షెల్ రాసినప్పుడు, జోంగ్ షావో అనే ఆయన లాగిన్ పేరే దీనికి పెట్టాడు. ఆ పేరు బాగుందనే పెట్టాడట.

పేరులో పెట్టడానికి ఒక హద్దు ఉంది. సుడో లాంటి ఒక్క మాటైతే పేరులో ఇమిడిపోతుంది. సుడో మైనస్ యూ అని, ఫలానా యూజర్ అని, స్పేసులతో కూడిన పొడవాటిది ఇవ్వాలంటే పేరు గజిబిజి అయిపోతుంది. అక్కడ నేను అసోసియేటివ్ అర్రే ఒకటి పెట్టుకుంటాను, అంటే పేరు చెబితే దానికి జతచేసిన విలువ ఇచ్చే పట్టిక. పేరు చోట విడ్జెట్ పేరు, విలువ చోట మనకి కావలసిన పూర్తి మాట. ఫంక్షన్ లోపల విడ్జెట్ పేరుతో ఆ అర్రేలో వెతికితే అసలు మాట దొరుకుతుంది. కింద ఒక ఫర్ లూప్, అర్రేలో ఉన్న ప్రతి పేరునీ అదే ఫంక్షన్‌కి నమోదు చేస్తూ పోతుంది. కొత్తది కావాలంటే అర్రేలో ఒక లైన్, బైండ్‌కీ ఒక లైన్. ఫంక్షన్ జోలికి వెళ్ళే పనే లేదు. నా దృష్టిలో ఉన్న దారులన్నింట్లోకీ ఇదే మేలైనది.

ఒక కీ నొక్కితే ఒక వాక్యం టైప్ చేసినట్టు చేసే బైండ్‌కీ మైనస్ ఎస్ కూడా ఉంది, కొందరు దాంతో నెట్టుకొస్తారు. నేను వద్దంటాను. అది అక్షరాలని నిజంగా కొట్టినట్టే పంపిస్తుంది, లైన్‌లో అప్పటికే సగం కొట్టింది ఉంటే దాని మధ్యలో పోసేస్తుంది.

ఇప్పుడు ఒక గోతి గురించి చెప్పాలి, తమ్ముడు ఆదివారం రాత్రే అందులో పడ్డాడు. ఒక విడ్జెట్ లోపలి నుంచి ఇంకో విడ్జెట్‌ని పిలవొచ్చు, జెడ్‌ఎల్‌ఈ అని దాని పేరు రాస్తే చాలు. వాడు ముందు-సుడోని పిలిచి, వెంటనే లైన్‌ని నడిపించేసే ఒక పెద్ద విడ్జెట్ రాశాడు. నడిపితే సుడోకి బదులు వేరే మాటేదో వచ్చి లైన్ ముందు కూర్చుంది. కారణం ఏమిటంటే, లోపలి నుంచి పిలిచినప్పుడు విడ్జెట్ వేరియబుల్ మారదు, మనం కీ నొక్కి మొదట పిలిచిన పెద్ద విడ్జెట్ పేరే అందులో ఉండిపోతుంది. మన ఫంక్షన్ ఆ పేరుని కోసి, మిగిలిన ముక్కని ఆర్గ్యుమెంట్ అనుకుంది. దీనికి మైనస్ డబ్ల్యూ అనే ఆప్షన్ ఉంది, పిలిచే విడ్జెట్ పేరు తర్వాత దాన్ని పెడితే అప్పుడు లోపలిదాని పేరు వేరియబుల్‌లోకి వస్తుంది.

అయినా అలా లోపలి నుంచి పిలిచేటప్పుడు అసలు పేరుతో గారడీ అక్కర్లేదు, అక్కడ నిజమైన ఆర్గ్యుమెంట్లే ఇవ్వొచ్చు. విడ్జెట్ పేరు, తర్వాత రెండు మైనస్‌లు, తర్వాత మన మాటలు. అవి ఫంక్షన్‌కి డాలర్ ఒకటి, డాలర్ రెండుగా మామూలుగానే అందుతాయి. ఆ రెండు మైనస్‌లు తప్పకుండా పెట్టండి, లేకపోతే మైనస్‌తో మొదలయ్యే మన మాటని జెడ్‌ఎల్‌ఈ తన ఆప్షన్ అనుకుంటుంది. కాబట్టి నా ఫంక్షన్ మొదటి లైన్ ఇలా ఉంటుంది, డాలర్ ఒకటి వస్తే అది తీసుకో, రాకపోతే పేరు చూసి అర్రేలో వెతుకు. షెల్‌తో వచ్చిన సొంత విడ్జెట్లలో మాత్రం ఆర్గ్యుమెంట్లు పట్టించుకునేవి కొన్నే, వెతుకులాటకి సంబంధించినవీ ఇంకొకటి రెండూ. మిగతావాటికి ఇచ్చినా ఎర్రర్ రాదు, ఊరికే వదిలేస్తాయి. అందుకే ఇచ్చాను కదా ఎందుకు పనిచేయట్లేదని తల పట్టుకోవడం జరుగుతుంది.

అంకెలకైతే వేరే రాజమార్గం ఉంది. ఎస్కేప్, మూడు నొక్కి, తర్వాత మన కీ నొక్కితే న్యూమరిక్ అనే వేరియబుల్‌లో మూడు వస్తుంది. నొక్కకపోతే ఆ వేరియబులే ఉండదు, కాబట్టి లేకపోతే ఒకటి అనుకో అని ఫంక్షన్‌లో రాసుకోవాలి. కర్సర్ దగ్గరున్న అంకెని పెంచే ఇన్‌కార్గ్ అనే విడ్జెట్ దీన్నే వాడుతుంది, ఏమీ ఇవ్వకపోతే ఒకటి పెంచుతుంది, పది ఇస్తే పది పెంచుతుంది. లాగ్ ఫైళ్ళ నంబర్లు మార్చుతూ ఒకే కమాండ్‌ని పదిసార్లు నడపాల్సినప్పుడు ఇది చేసే మేలు నాకే తెలుసు. జాగ్రత్త ఒకటి, మీ ఫంక్షన్ లోపల ఒక మాట వెనక్కి వెళ్ళే విడ్జెట్‌ని పిలిచారనుకోండి, మనం నొక్కిన ఆ మూడు దానికీ అంటుకుని మూడు మాటలు వెనక్కి పోతుంది. అలా వద్దనుకుంటే పిలిచేచోట మైనస్ పెద్ద ఎన్ ఇవ్వాలి, ఫలానా అంకే కావాలంటే మైనస్ చిన్న ఎన్‌తో ఆ అంకె.

ఇంకోటి, కీస్ అనే వేరియబుల్. ఏ కీలు నొక్కితే ఈ విడ్జెట్ నడిచిందో అక్షరాలా అందులో ఉంటుంది. కంట్రోల్ ఎక్స్ తర్వాత ఒకటి నుంచి తొమ్మిది దాకా తొమ్మిది కీలకీ ఒకే విడ్జెట్ తగిలించి, కీస్‌లో చివరి అక్షరం చూసుకుంటే చాలు. కిందటి కమాండ్‌లో ఎన్నో మాట కావాలో ఆ అంకెతో తెచ్చుకుంటాను.

బ్యాష్ అనే ఇంకో షెల్ వాడేవాళ్ళకి ఈ తిప్పలు లేవు. బైండ్ మైనస్ ఎక్స్‌తో కీకి ఒక పూర్తి షెల్ కమాండ్‌నే తగిలించవచ్చు, ఫంక్షన్ పేరు పక్కన సుడో అని రాస్తే సుడో అందుతుంది. లైన్ రీడ్‌లైన్_లైన్ అనే వేరియబుల్‌లో, కర్సర్ రీడ్‌లైన్_పాయింట్‌లో ఉంటాయి. అంకెల ఆర్గ్యుమెంట్ కూడా 5.2 వెర్షన్ నుంచి వేరియబుల్‌గా అందుతోంది. ఫిష్ షెల్‌లోనూ కీకి కమాండ్‌ని ఆర్గ్యుమెంట్లతో సహా రాయొచ్చు. అయినా నేను జెడ్‌షెల్‌లోనే ఉండిపోయాను. బ్యాష్‌లో ఆ ఫంక్షన్ లోపలి నుంచి ఎడిటర్ సొంత కమాండ్లని పేరు పెట్టి పిలవడానికి నేరుగా దారి లేదు. జెడ్‌షెల్‌లో చిన్న విడ్జెట్లని ఒకదాని మీద ఒకటి పేర్చి పెద్దవి కట్టుకోవచ్చు. మ్యాక్‌లో 2019లో వచ్చిన కటలీనా నుంచి జెడ్‌షెల్లే ముందుగా వస్తోంది కాబట్టి, తమ్ముడి వయసువాళ్ళు చాలామంది దీంతోనే మొదలుపెడుతున్నారు కూడా.

నిన్న మధ్యాహ్నం క్యాంటీన్‌లో వాడు లాప్‌టాప్ తెరిచి చూపించాడు. కాపీలేమీ లేవు, ఒక్క ఫంక్షన్, పైన అర్రేలో ఆరు లైన్లు. నేను సీపీ, మైనస్ ఆర్, లాగ్స్ అని కొట్టి నైస్ కీ నొక్కాను. కర్సర్ లాగ్స్ పక్కనే ఉంది.